స్లాబులోకి దిగిన జామచెట్టు

"ఏందమ్మా ఇది! నీ జామచెట్టు నా స్లాబులకే దిగింది గదా!"

మా ఓనరు అంకుల్ ఈ మాట అన్నది 2023 జూన్‌లో, మొదటి వాన పడిన మూడో రోజున. మల్కాజ్‌గిరిలో వాళ్ళ డాబా మీదున్న రెండు గదుల పెంట్‌హౌస్‌లో మేం అద్దెకుంటున్నాం. గదుల ముందు ఖాళీ స్థలమంతా నా మొక్కలే. కింద వాళ్ళ హాలు సీలింగుకు చెమ్మ మరక కనబడిందని, పైన ఎక్కడ నీళ్ళు నిలుస్తున్నాయో చూడ్డానికి ఆయన వచ్చారు. ఒక్కో తొట్టీ జరిపించారు. కరివేపాకు జరిగింది, మందారం జరిగింది, బత్తాయి కాస్త సతాయించి జరిగింది. జామచెట్టున్న నీలం డ్రమ్ము మాత్రం అంగుళం కదల్లేదు. బరువుకేమో అనుకున్నాం. మా ఆయన ఒకవైపు, అంకుల్ ఒకవైపు పట్టుకుని అటూ ఇటూ ఊపారు. అడుగున ఏదో పటుక్కుమంది. వంచి చూస్తే, డ్రమ్ము కింది కన్నంలోంచి నా చిటికెన వేలంత వేరొకటి బయటికొచ్చి, డ్రమ్ము నీడలోనే జానెడు దూరం పాకి, సిమెంటు పూత పగిలినచోట లోపలికి దూరింది. దాని చివర ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు.

నాకు భయం కన్నా ముందు సిగ్గేసింది. ఆ చెట్టు ఆకుల గురించి నాకు తెలియని సంగతి లేదు. ఏ కొమ్మకు ఎన్ని పిందెలున్నాయో నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. మూడున్నరేళ్ళలో ఒక్కసారి కూడా వంగి డ్రమ్ము కింద చూడలేదు.

అసలు ఈ పిచ్చి నాకు 2019లో పట్టుకుంది. వీధిలోకి తోపుడు బండి మీద మొక్కలు వేసుకుని ఒకతను వచ్చాడు. నల్ల కవరులో అడుగున్నర ఎత్తు నిమ్మమొక్క, దానికి మూడు కాయలు. కాయలున్న మొక్కను చూసి వదిలి రావడం నా వల్ల కాలేదు. మూడొందల యాభై చెప్పి మూడొందలకు ఇచ్చాడు. దానికోసం తెల్లగా మెరిసే ప్లాస్టిక్ కుండీ కొన్నాను. డాబా మీద మరకలు పడకుండా కింద పళ్ళెం పెట్టాను. పక్క ఖాళీ ప్లాటులోంచి నల్లమట్టి తవ్వి తెచ్చి నింపాను. రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్ళు. పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళు కనబడేవి. కడుపునిండా తాగుతోందని మురిసిపోయేదాన్ని.

జులైలో ఆకులు పసుపెక్కాయి. నీళ్ళు చాలట్లేదేమోనని సాయంత్రం ఇంకో చెంబు పోశాను. ఆకులు వాలాయి. బలం లేదేమోనని చెంచాడు యూరియా వేశాను. ఆగస్టు కల్లా కర్ర మిగిలింది. పట్టుకుని లాగితే చీపురులోంచి పుల్ల వచ్చినట్టు వచ్చేసింది. వేర్లు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతొక్క ఊడిపోయి లోపలి దారం మిగిలింది. కుండీలోంచి మురుగుకాలవ వాసన. వేరుకు నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరమని అప్పటికి నాకు తెలియదు. మట్టి సందులన్నీ ఎప్పుడూ నీళ్ళతోనే నిండి ఉంటే వేరుకు ఊపిరాడదు, కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కనక, పైన ఆకు దాహంతో ఉన్నట్టే వాలుతుంది. అది చూసి మనం ఇంకా పోస్తాం. నేను చూసినంతలో కుండీల్లో ఎండి చచ్చిన మొక్కల కన్నా మునిగి చచ్చినవే ఎక్కువ. ఆ పళ్ళెం తర్వాత పిట్టలకు నీళ్ళు పెట్టడానికి పనికొచ్చింది.

మా పుట్టిల్లు రాజమండ్రి. 2020 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నను వెంటబెట్టుకుని కడియం వెళ్ళాను. కడియం, కడియపులంక చుట్టుపక్కల హైవే వెంట, కాలవ వెంట ఎటు చూసినా నర్సరీలే. మేం ఆగినచోట ఒక పెద్దాయన పైపుతో మొక్కలకు నీళ్ళు కొడుతున్నాడు. నా కాళ్ళు మళ్ళీ తిన్నగా కాయలున్న మొక్క దగ్గరికే వెళ్ళాయి.

"కాయ చూసి కొనుక్కోకండమ్మా, మొదలు చూసి కొనుక్కోండి," అని ఆయన నవ్వి, ఒక బత్తాయి మొక్కను పైకెత్తి చూపించాడు. మట్టి నుంచి జానెడు ఎత్తులో కాండం మీద చిన్న వంకర, ప్లాస్టిక్ రిబ్బను కట్టి విప్పిన మచ్చ. "ఇదీ అంటు. దీనికి పైనున్నది మీ చెట్టు. కిందనున్నది వేరేది, మోయడానికి పెట్టింది. కింద నుంచి చిగురొస్తే చూసీ చూడనట్టు ఊరుకోకండి, గిల్లేయండి."

విన్నాను, తలూపాను. ఎంత బాగా విన్నానో రెండేళ్ళ తర్వాత తేలింది.

తైవాన్ పింక్ జామ, బత్తాయి, కరివేపాకు తీసుకున్నాను. మామిడి ఉందా అంటే ఆమ్రపాలి చూపించాడు. దశేరిని, నీలాన్ని కలిపి చేసిన రకం, పెద్దగా ఎత్తు పెరగదు, తొట్టెకు సరిపోతుందన్నాడు. నాలుగో మొక్క బస్సులో పట్టదని వదిలేశాను. ఇప్పటికీ మామిడికాయల రోజుల్లో అది గుర్తొస్తుంది. నాన్న మూడింటికీ తడి గోనెసంచి చుట్టి ఇచ్చారు. రాత్రంతా బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. తెల్లారి ఇల్లు చేరితే అత్తయ్య గుమ్మంలోనే, "పండక్కి పుట్టింటికెళ్ళినవాళ్ళు అరిసెలు తెస్తారు. నువ్వు మట్టి తెచ్చావా తల్లీ?" అన్నారు. అరిసెలు కూడా తెచ్చాను. మొక్కల కింద పడి పొడి అయిపోయాయి.

ఈసారి మట్టి దగ్గర జాగ్రత్తపడ్డాను. ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, పైన నాలుగు గుప్పిళ్ళు వేపపిండి. కొబ్బరిపొట్టు ఇటుకలా గట్టిగా నొక్కి అమ్ముతారు. బకెట్టు నీళ్ళలో వేస్తే ఉబ్బి ఉబ్బి బకెట్టు దాటి పొర్లుతుంది. దానిలో ఉప్పుంటుంది కనక రెండుసార్లు కడిగి పిండాలి. ఇది ఎందుకు రాస్తున్నానంటే మొదటి బకెట్టు నేను కడగలేదు. కరివేపాకు చిగుళ్ళ అంచులు మాడిపోయాక మళ్ళీ అంతా తీసి కడిగాను.

రెండొందల లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా రెండు ముక్కలు చేసి అమ్ముతారు. కొనేముందు లోపల ఏం పోశారో అడగాలి, ముక్కు పెట్టి చూడాలి. కొన్నింటిలో ఏవేవో రసాయనాలు వచ్చి ఉంటాయి. నాకు పళ్ళరసం వాసన వచ్చేవి రెండు దొరికాయి. ఇనప చువ్వను స్టవ్ మీద ఎర్రగా కాల్చి అడుగున ఎనిమిది కన్నాలు పెట్టాను. ఆ వాసనకు అత్తయ్య పూట భోజనం మానేశారు. మట్టి నింపి నీళ్ళు పోశాక ఒక్కో సగం డ్రమ్ము నూరు కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. అందుకని డాబా మధ్యలో పెట్టొద్దని, కింద గోడ, దూలం ఉన్నచోట పిట్టగోడ వెంబడి పెట్టమని మా ఆయన పట్టుబట్టారు. ఆ ఒక్కటీ మేం ముందే సరిగ్గా చేసిన పని. డ్రమ్ము కింద ఇటుకలు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఇద్దరికీ రాలేదు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. స్కూలు లేదు, బయటికి వెళ్ళేది లేదు. నేనూ అత్తయ్యా పొద్దున్న కాఫీలు డాబా మీదే తాగేవాళ్ళం. ఒకరోజు ఆవిడ బత్తాయి ఆకు మీద పిట్టరెట్ట చూసి పుల్లతో తుడవబోయారు. రెట్ట కదిలింది. ఆవిడ గ్లాసు అక్కడే వదిలేశారు. దగ్గరికి వెళ్ళి చూస్తే గోధుమరంగు మీద తెల్లమచ్చ ఉన్న బుల్లి గొంగళి. అవే పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి. పుల్లతో పొడిస్తే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు చాపి, కుళ్ళిన నిమ్మతొక్కలాంటి వాసన వదులుతాయి. రెండు రోజుల్లో బత్తాయి లేత ఆకులన్నీ అయిపోయాయి, మూడో రోజు కరివేపాకు మీదికెళ్ళాయి. నిమ్మ, బత్తాయి, కరివేపాకు, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం. ఆ సీతాకోకచిలుకకు ఈ చుట్టరికం మనకన్నా బాగా తెలుసు. మందు కొట్టలేదు, చేత్తో ఏరాం. ఒక్కదాన్ని మాత్రం అత్తయ్య కరివేపాకు రెమ్మతో సహా సీసాలో పెట్టి పైన గుడ్డ కట్టారు. రెండు వారాలు పోయాక నలుపు మీద పసుపు మచ్చల సీతాకోకచిలుక వచ్చింది. దాన్ని వదిలిపెట్టి, "పో, మళ్ళీ మా ఇంటికి రాకు," అన్నారు. వస్తూనే ఉంది.

ఆ మే నెల ఎండలకు బత్తాయి పైభాగం ఎండిపోయింది. చచ్చిందనుకున్నాను. జూన్‌లో వాన పడగానే మొదట్లోంచి మూడు చిగుళ్ళు దూసుకొచ్చాయి. నా ఆనందం చూడాలి! ఇంటిల్లిపాదికీ చూపించాను. ఏడాదిలో గుబురుగా పెరిగింది, ముళ్ళు కూడా పెట్టింది. 2022లో కాయలు కాసింది. కాయ పండితే బత్తాయిలా పసుపు పచ్చగా కాకుండా కమలాపండులా నారింజ రంగుకు తిరిగింది. తొక్క వదులు, లోపల కూడా నారింజ రంగే. అత్తయ్య చక్కగా వలిచి ఒక తొన నోట్లో వేసుకున్నారు. ఆ మొహం ఇప్పటికీ మా ఇంట్లో అందరూ అనుకరిస్తారు. చింతపండు నయం.

నాన్నకు ఫోన్ చేసి, రాజమండ్రి నేలకు బత్తాయి గాని హైదరాబాద్ నీళ్ళకు పుల్లబడుతుందేమో అని అడిగాను. "అంటు పైనుంచి వచ్చిందా, కింద నుంచి వచ్చిందా అమ్మాయ్?" అన్నారు. వెళ్ళి చూశాను. అంటు మచ్చ పైన ఎండిన మోడు. కాయలు కాసిన మూడు కొమ్మలూ మచ్చ కింద నుంచే. బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద అంటు కడతారని అప్పుడు తెలుసుకున్నాను. నేను రెండేళ్ళు పెంచింది మోయడానికి పెట్టిన చెట్టుని. తీసేద్దామనుకున్నాను గాని అత్తయ్య ఒప్పుకోలేదు. అప్పటికే ఆవిడ ఆ పులుపుతో పులిహోర కలిపి చూశారు. రంగు, వాసన నిమ్మకాయ పులిహోర కన్నా బాగుందని తేల్చారు. ఇప్పటికీ మేం దాన్ని బత్తాయి అనే పిలుస్తాం.

జామ మాత్రం వంక పెట్టడానికి లేకుండా పెరిగింది. మొదటి ఏడు వచ్చిన పూత తుంచేశాను, 2021 చలికాలం పన్నెండు కాయలు కాసింది. వానాకాలం కాయల్లో ఈగ గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. చలికాలం కాయలకు ఆ బెడద తక్కువ, రుచీ ఎక్కువ. లోపల లేత గులాబీ రంగు, గింజ మెత్తన. ఓనరు ఆంటీకి నాలుగు పంపితే అదే గిన్నెలో సకినాలు వచ్చాయి.

మధ్యలో ఒక ఎండాకాలం కొత్త ఆకులు పచ్చదనం లేకుండా వచ్చాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, ఈనెల మధ్యంతా పసుపుగా, వల పరిచినట్టు. నిమ్మ సంగతి గుర్తొచ్చి ఈసారి యూరియా జోలికి వెళ్ళలేదు. డ్రమ్ము అంచు చుట్టూ తెల్లటి పొర పేరుకుని ఉంది, గోకితే సున్నంలా రాలింది. మాది బోరు నీళ్ళు, బకెట్లకే చారలు కట్టే నీళ్ళు. ఆ నీళ్ళతో మట్టిలో సున్నం గుణం పెరిగిపోతే, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదట. మా పక్కింట్లో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఆయన చెప్పారు: లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద చల్లమని. వారం తేడాతో రెండుసార్లు చల్లాను, కొత్త చిగురు పచ్చగా వచ్చింది. కానీ అది పైపై వైద్యమేనని ఆయనే చెప్పారు. అసలు మందు వాననీళ్ళు. అప్పటినుంచి వానపడితే డాబా గొట్టం కింద బకెట్లన్నీ వరస కడతాయి. మజ్జిగ పోయండి, బెల్లం నీళ్ళు పోయండి, కోలా పోయండి అని వీడియోల్లో చెప్పేవాళ్ళ మాట మాత్రం నేను వినడం మానేశాను. మజ్జిగ పోసిన కుండీకి చీమలు పట్టాయి, అంతే.

2022 చలికాలం వచ్చేసరికి జామకాయ సైజు తగ్గింది. పొద్దున్న నీళ్ళు పోస్తే మధ్యాహ్నానికే ఆకులు వేలాడేవి. పోసిన నీళ్ళు మట్టిలో నిలవకుండా రెండు నిమిషాల్లో కిందికి వచ్చేసేవి. చెట్టు పెద్దదైంది కదా, ఆకలి పెరిగిందనుకుని వానపాముల ఎరువు రెట్టింపు చేశాను. మట్టి మట్టం కూడా పైకి లేచినట్టుండేది. నేనేమో ఎరువు ఎక్కువైందనుకున్నాను. ఇవన్నీ చెట్టు ఒకే సంగతిని నాలుగు రకాలుగా చెప్పడం. డ్రమ్ములో వేరుకు చోటు అయిపోయింది.

అంకుల్ దగ్గరికి మళ్ళీ వస్తాను. "తీసెయ్యమ్మా. చెట్టు గావాల్నంటే భూమి గొనుక్కోవాలె, స్లాబు గాదు," అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నిజానికి చెమ్మకు పెద్ద కారణం వేరు కాదు. నా చెట్ల ఆకులు రాలి నీళ్ళు పోయే గొట్టం మూతికి అడ్డం పడ్డాయి, నీళ్ళు డ్రమ్ముల చుట్టూ నిలిచాయి. అంటే ఎలా చూసినా తప్పు నాదే. మేస్త్రీ ఖర్చు మేం పెట్టుకుంటాం, పదిహేను రోజులు గడువివ్వండి అని అడిగాను. ఆంటీ కింద నుంచి, "కాయలిచ్చే చెట్టు గదా, ఉండనీయరాదు," అని ఒక కేక వేయబట్టి గడువు దొరికింది. స్లాబులోకి దూరిన వేరును మేస్త్రీ ఉలితో చుట్టూ చెక్కి బయటికి తీశాడు. మూరెడుంది. పగులును సిమెంటు, మందు కలిపి మూసి, పైన వాటర్‌ప్రూఫ్ పూత వేశాడు.

చెట్టును డ్రమ్ములోంచి తీయడం ఒక ఆదివారం పని. మబ్బు పట్టిన రోజు చూసుకున్నాం. ముందురోజు నీళ్ళు పోయలేదు, మట్టి కాస్త కుంచించుకుని అంచు వదులుతుందని. పొడవాటి చాకును డ్రమ్ముకూ మట్టికీ మధ్య దింపి చుట్టూ తిప్పాను. డ్రమ్మును గోనెసంచుల మీద పడుకోబెట్టి మా ఆయన రోకలితో పక్కలు బాదారు. కాండం పట్టుకుని ఇద్దరం లాగాం. మూడోసారికి ఒక్కసారిగా ఊడి వచ్చింది, నేను వెల్లకిలా పడ్డాను.

లేచి చూస్తే ఎదురుగా మట్టి లేదు. డ్రమ్ము ఆకారంలో అల్లిన వేర్ల బుట్ట ఉంది. పక్కలంతా కొబ్బరిపీచు చాపలా వేర్లు చుట్టలు చుట్టలుగా తిరిగి ఉన్నాయి. నేను కాల్చి పెట్టిన ఎనిమిది కన్నాల గుర్తులు అడుగున బొడిపెల్లా తేలాయి. వాసన మాత్రం బావుంది, తొలకరి వాసన. మొన్నటి నిమ్మలా కుళ్ళు లేదు. ఫోర్కుతో పక్కల పీచు దువ్వుకుంటూ లోపలికి వెళ్తుంటే మధ్యలో ఇంకో ఆకారం దొరికింది. చెంబంత గుండ్రంగా వేర్లు చుట్టుకుని, గట్టిగా. చాలాసేపటికి అర్థమైంది. అది కడియం కవరు. కవరు చింపి పారేశాను గాని, లోపల గుండ్రంగా తిరిగిన వేర్లను విడదీయకుండా అలాగే పాతాను. మూడున్నరేళ్ళుగా అవి ఆ కవరు ఇంకా ఉన్నట్టే అక్కడే తిరుగుతున్నాయి. ఒక వేరు కాండం చుట్టూనే తిరిగి బొటనవేలంత లావై కాండాన్ని నొక్కుతోంది, దాని కింద బెరడు సొట్టపోయింది.

వడ్రంగి రంపంతో అడుగు భాగం నాలుగు వేళ్ళ మందాన కోసేశాం. పనసకాయ కోసినంత కష్టమైంది. పక్కల నుంచి మూడు వేళ్ళ మందం చెక్కేశాం. కాండాన్ని బిగించిన వేరును రెండుచోట్ల కత్తిరించి మెల్లగా లాగి తీశాను. కింద ఎంత పోయిందో పైన కూడా అంత పోవాలి. మిగిలిన వేర్లు పాత ఆకులన్నిటికీ నీళ్ళు అందించలేవు. కొమ్మలు మూడో వంతు కొట్టేశాను, ఉన్న ఆకులను సగానికి కత్తిరించాను. అత్తయ్య అటు తిరిగి కూర్చున్నారు. "కడుపుతో ఉన్నదాన్ని కోసినట్టుంది," అన్నారు. దానికి అప్పుడు తొమ్మిది పిందెలున్నాయి. వాటిని నేనే తుంచాను.

కొత్త మట్టి కలిపి అదే డ్రమ్ములో పెట్టి, సందుల్లో గాలి బుడగలు మిగలకుండా పుల్లతో పొడుస్తూ నింపాను. కిందినుంచి కారేదాకా నీళ్ళు పోసి, మెట్ల గది నీడలో పెట్టాం. ఈసారి నాలుగు ఇటుకల మీద.

తొమ్మిదో రోజుకు ఒక్క ఆకు మిగల్లేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. రోజూ పొద్దున్నే వెళ్ళి కొమ్మ మీద గోటితో గీకి చూసేదాన్ని. బెరడు కింద పచ్చగా ఉందా లేదా అని. పచ్చగానే ఉండేది. కానీ గీకి గీకి ఒక కొమ్మ నిండా నా గోటి గుర్తులే అయ్యాయి. మట్టిలో వేలు రెండు కణుపులు దించి, పొడిగా తగిలితేనే నీళ్ళు. చేయి ఊరుకునేది కాదు, ఇంకో చెంబు పోయమనేది. పందొమ్మిదో రోజున మోడు కొమ్మ కణుపు దగ్గర ఆవగింజంత ఉబ్బు కనబడింది. సాయంత్రానికి ఇంకో మూడు. జామ కొత్త కొమ్మలకే పూస్తుంది కనక, కత్తిరింపు దానికి ఒకరకంగా మేలే చేసింది. ఆ చలికాలం పదిహేడు కాయలు. మొదటి కాయ అంకుల్‌కే ఇచ్చాను.

ఇదంతా జరిగేసరికి నా దగ్గర ఇంకో చెట్టు ఉంది. దాని కథ వేరు. 2021 వానల్లో పిట్టగోడ బయటివైపు పగులులో రావి మొలక కనబడింది. రావి, జువ్వి, మేడి గింజలు పిట్టల రెట్టల్లో వచ్చి గోడల్లో మొలుస్తాయి. అంకుల్ యాసిడ్ పోస్తానన్నారు. నేను తీస్తానని చెప్పి, స్క్రూడ్రైవరుతో సిమెంటు కొద్దికొద్దిగా రాల్చుకుంటూ, నీళ్ళు పోసుకుంటూ రెండు రోజులు కూర్చున్నాను. రెండు ఇటుకల మధ్య నలిగిన వేరు రిబ్బనులా బల్లపరుపుగా బయటికొచ్చింది.

అత్తయ్యకు ఇది అస్సలు నచ్చలేదు. రావిచెట్టు ఇంట్లో ఉండకూడదు, గుళ్ళోనే ఉండాలి. కొట్టకూడదు, పెంచకూడదు. "మరి ఏం చెయ్యమంటారత్తయ్యా?" అంటే, "అదే తెలిస్తే నిన్నెందుకు తిడతాను," అన్నారు. 2022 డిసెంబరులో మైసూరు వెళ్ళినప్పుడు గణపతి సచ్చిదానంద ఆశ్రమంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ తోట చూశాం. పళ్ళేల్లాంటి తొట్లలో మర్రులు, రావులు. ఆశ్రమంలోనే రావి తొట్టెలో ఉందని చూశాక ఆవిడ సగం మెత్తబడ్డారు. ఇంటికొచ్చాక మా రావి కూడా లోతులేని తొట్టెలోకి మారింది. జపాన్ మాటలో బోన్ అంటే పళ్ళెం, సాయ్ అంటే నాటడం. ఏటా వానాకాలం మొదట్లో వేర్లు కత్తిరిస్తాను, అల్యూమినియం తీగ చుట్టి కొమ్మ వంచుతాను. తీగను ఒకసారి మరిచిపోయి ఆలస్యంగా విప్పాను. కాండం మీద ఆ చార ఇప్పటికీ ఉంది. ఆకులు జువ్వికి చిన్నబడినంతగా రావికి చిన్నబడవు. అందుకే మాది బోన్సాయ్‌లా కాకుండా పెద్ద చెప్పులు వేసుకున్న చిన్నపిల్లలా ఉంటుంది. ఆ బల్లపరుపు వేరు మాత్రం మట్టి పైన కనబడేలా పెట్టాను. వచ్చినవాళ్ళందరూ దాన్నే చూస్తారు.

ఇప్పుడు ప్రతి నెల ఒకటో తారీఖున కిరాయి ఇవ్వడానికి కిందికెళ్తే, డబ్బులు లెక్కపెట్టుకుంటూ అంకుల్ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఈ నెల కింద జూసినవా?" చూశానంటాను. నిజంగానే చూస్తాను. ఫోన్‌ టార్చి వేసుకుని నేల మీద చెంప ఆనించి, ఇటుకల సందులోంచి. మొన్న ఆయన కొత్త ప్రశ్న వేశారు. "మరి ఆ రావిది?"

అది చిన్న పళ్ళెం కదా అంకుల్ అనబోయి ఆగిపోయాను. పైకొచ్చి రావి తొట్టెను రెండు చేతులతో ఎత్తి చూశాను. అడుగు కన్నంలోంచి బియ్యపుగింజంత తెల్లటి వేరు మొన, కిందున్న ఇనప స్టాండు చెమ్మను తాకుతోంది. కత్తెర కోసం లోపలికి వెళ్తే, అత్తయ్య వంటింట్లోంచే, "దేనికే కత్తెర?" అన్నారు.

"జామకు," అన్నాను.